ప్రింట్ తీసినా చెదరని ఫారం వర్డ్‌లో చేయడం ఎలా

స్క్రీన్ మీద ముద్దుగా కనిపించిన ఫారం ప్రింటర్‌లోంచి బయటికొచ్చేసరికి వేరే అవతారం ఎత్తడం ఆఫీసు పని చేసేవాళ్లెవరికీ కొత్త కాదు. చిరునామా గడి ఉబ్బిపోయి కింద ఉన్నవాటన్నిటినీ తోసేస్తుంది, ఫోటో అంటించే డబ్బా అంచు తెగిపోతుంది, సంతకం గీత ఒక్కటే రెండో పేజీలో దిక్కులు చూస్తూ ఉంటుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఉత్తరం టైప్ చేసినట్టే ఫారం కూడా టైప్ చేస్తారు, అంటే "పేరు" అని కొట్టి ముప్పై చుక్కలు, ఎంటర్, "తండ్రి పేరు" అని కొట్టి మళ్లీ ముప్పై చుక్కలు. ఎవరైనా ఆ చుక్కల మధ్య కర్సర్ పెట్టి టైప్ చేయగానే చుక్కలు జరిగి, లైన్ తెగి, కథ మొదలవుతుంది. ఉత్తరం నాలుగు లైన్లు పెరిగినా ఎవరికీ నష్టం లేదు. ఫారం మాత్రం ఒక్క మిల్లీమీటరు కూడా పెరగకూడదు. అందుకే ముందు కాగితం కొలతలు తేల్చుకుని, వాటిని బిగించేశాకే అక్షరాల సంగతి చూడాలి.

ఉదాహరణకి నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి కిరాయిదారు వివరాల ఫారం కావాలనుకుందాం. ఒక పేజీ. కొందరు కంప్యూటర్‌లో నింపి ప్రింట్ తీస్తారు, కొందరు ఖాళీ ప్రింట్ తీసుకుని వాచ్‌మన్ దగ్గర నిలబడి పెన్నుతో నింపుతారు. ఈ ఇద్దరికీ ఒకే కాగితం సరిపోవాలి.

మొదట కాగితం

వర్డ్ తెరిచి లేఔట్ ట్యాబ్‌లో సైజ్ చూడండి. కొన్ని కంప్యూటర్లలో విండోస్ రీజియన్ అమెరికాకి పెట్టి ఉంటుంది, అప్పుడు కొత్త ఫైల్ లెటర్ సైజులో తెరుచుకుంటుంది. లెటర్ 215.9 × 279.4 మి.మీ., మన ట్రేలో ఉండే ఏ4 210 × 297 మి.మీ. వెడల్పులో ఆరు మిల్లీమీటర్లు తక్కువ, ఎత్తులో పదిహేడున్నర ఎక్కువ. వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద ప్రింట్ భాగంలో, ఏ4కీ లెటర్‌కీ తగ్గట్టు స్కేల్ చేసే టిక్ ఒకటి ముందే పెట్టి ఉంటుంది, అది మనకి చెప్పకుండానే సైజు సర్దేస్తుంది. మనం 35 మి.మీ. అని గీసిన ఫోటో డబ్బా ప్రింట్‌లో 34 అయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఏ4 పెట్టండి, లీగల్ సైజు కాగితం జోలికి వెళ్లకండి. జిరాక్స్ షాపులో లీగల్ దొరుకుతుంది కానీ నింపేవాళ్ల ఇంట్లో ఉండదు.

మార్జిన్లు ఎడమ 25, కుడి 15, పైన కింద చెరో 15 మి.మీ. ఎడమవైపు ఎక్కువ ఎందుకంటే ఫైల్‌లో పెట్టేది అటే. రెండు రంధ్రాల పంచింగ్ మిషన్ ఐఎస్ఓ 838 కొలత ప్రకారం అంచు నుంచి 12 మి.మీ. దూరంలో, ఒకదానికొకటి 80 మి.మీ. ఎడంగా కొడుతుంది. రంధ్రం వెడల్పు కూడా కలుపుకుంటే 20 మి.మీ. దాకా ఏమీ లేకుండా ఉండాలి. ట్యాగు కట్టే ఆఫీసు అయితే పై ఎడమ మూలలో సీరియల్ నంబర్ లాంటివి అసలు పెట్టకండి, మొదటి రంధ్రం సరిగ్గా దాని మీదే పడుతుంది. మిగతా మూడు వైపులా 10 కన్నా తగ్గించొద్దు, ఎందుకంటే చాలా ప్రింటర్లు కాగితం చివరి కొన్ని మిల్లీమీటర్లలో ప్రింట్ చేయలేవు, ఇంక్‌జెట్లకి అడుగున ఇంకా ఎక్కువ వదలాల్సి వస్తుంది.

ఈ లెక్కన రాసుకోవడానికి మిగిలిన వెడల్పు 170 మి.మీ. ఇది గుర్తుంచుకోండి, ఇకపై గీసే ప్రతి నిలువు వరుసా ఈ 170లోంచే.

టేబుల్ గీసి బిగించడం

చుక్కలు వద్దు, అండర్‌స్కోర్లు వద్దు, టెక్స్ట్ బాక్సులు అసలే వద్దు. ఫారం మొత్తం టేబుల్‌లోనే ఉండాలి. ముందు ఒక తెల్లకాగితం మీద పెన్సిల్‌తో గీసుకోండి, అది దండగ పని అనిపిస్తుంది కానీ స్క్రీన్ మీద గడులు కలుపుతూ విడదీస్తూ కూర్చోవడం కన్నా ఎన్నో రెట్లు నయం.

రెండు నిలువు వరుసల టేబుల్ పెట్టండి. ఎడమది 45 మి.మీ., అందులో ప్రశ్న. కుడిది 125, అందులో జవాబు. ఇప్పుడు టేబుల్ ప్రాపర్టీస్ తెరిచి టేబుల్ ట్యాబ్‌లో ఆప్షన్స్ నొక్కి, లోపల ఉన్నదాన్ని బట్టి దానంతట అదే సైజు మారే టిక్ తీసేయండి. ఇది తీయకపోతే ఎవరో పొడుగాటి ఈమెయిల్ అడ్రస్ కొట్టగానే కుడి గడి సాగి ఎడమ గడి నలిగిపోతుంది. తర్వాత రో ట్యాబ్‌లో ఎత్తు ఇచ్చి, పక్కన "ఎట్ లీస్ట్" ఉన్నచోట "ఎగ్జాక్ట్‌లీ" చేయండి. ఈ ఒక్క మాట మార్చడంతోనే సగం టెన్షన్ తీరుతుంది. అక్కడే కింద, వరుస రెండు పేజీల మధ్య తెగే టిక్ కూడా తీసేయండి.

ఎత్తు ఎంత ఇవ్వాలి అంటే, పెన్నుతో రాసే గడికి 8 లేదా 9 మి.మీ. టైపింగ్‌కి 7 చాలు కానీ మనది రెండింటికీ కాబట్టి 9 పెడదాం. పెద్దవాళ్లు నింపే ఫారం అయితే 10 చేయండి. చిన్న గడిలో వణికే చేత్తో రాయమనడం అన్యాయం.

ఎగ్జాక్ట్‌లీతో ఒక ఇబ్బంది ఉంది. గడిలో పట్టని అక్షరాలు పక్కకి జరగవు, కిందికి పోవు, గీత వెనక కనిపించకుండా పోతాయి. తెలుగులో ఇది ఇంకా సూక్ష్మంగా దెబ్బతీస్తుంది. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ మనకి సరిపోదు, మన వత్తులు కిందికి వేలాడతాయి కదా. 11 పాయింట్ అక్షరానికి లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్‌లీ 12 పెట్టి "రాష్ట్రం" అని కొట్టి చూడండి, ట వత్తు, దాని కింద ర వత్తు అడుగు కోసేసినట్టు కనిపిస్తాయి. "లక్ష్మి"లో మ వత్తు సగం పోతుంది. "జ్యోత్స్న" అన్న పేరు కొడితే పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. పైన గుడులూ ఏత్వాలూ, కింద వత్తులూ, రెండు వైపులా చోటు కావాలి. 11 పాయింట్‌కి 18 పాయింట్ల లైన్ ఇవ్వండి, గడిలో అక్షరాలు నిలువుగా మధ్యలో ఉండేలా పెట్టండి. ఏ ఫారం చేసినా ఈ మూడు మాటలూ ఒకసారి కొట్టి చూడటం మంచి అలవాటు.

ఫాంట్ దగ్గర కూడా ఒక చిక్కుంది. వర్డ్ తెలుగుని కాంప్లెక్స్ స్క్రిప్ట్ లెక్కలో వేస్తుంది, అందుకే కంట్రోల్ డీ నొక్కితే వచ్చే ఫాంట్ డబ్బాలో లాటిన్ అక్షరాలకి వేరు, కాంప్లెక్స్ స్క్రిప్ట్‌లకి వేరు సెట్టింగ్ ఉంటుంది. పైదాంట్లో 11 పెట్టి "తెలుగు మారట్లేదేంటి" అని తల పట్టుకునేవాళ్లు ఆ రెండో భాగం చూడాలి. నిర్మలా యూఐ విండోస్‌తో పాటే వస్తుంది కాబట్టి ఫారానికి అదే క్షేమం. మండలి, నోటో సాన్స్ తెలుగు చూడటానికి బాగుంటాయి, ఉచితం కూడా, కానీ అవతలి కంప్యూటర్‌లో లేకపోతే వర్డ్ ఇంకోటి పెట్టేసుకుంటుంది, దాంతో లైన్ ఎత్తులన్నీ మారతాయి. అవే కావాలంటే ఆప్షన్స్‌లో సేవ్ కింద ఫాంట్లని ఫైల్‌లోనే పొదిగే టిక్ పెట్టండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో చేయించిన పాత ఫారం మీ దగ్గర ఉంటే దాన్ని కాపీ చేసి తెచ్చుకోవాలని చూడకండి. అది యూనికోడ్ కాదు, ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా తేలుతుంది. మళ్లీ టైప్ చేయడమే తొందరగా అయ్యే పని.

హైదరాబాద్‌లో చాలాచోట్ల మూడో భాషగా ఉర్దూ కూడా అడుగుతారు. నస్తాలీక్ ఫాంటుకి తెలుగు కన్నా ఎక్కువ ఎత్తు కావాలి, దిశ కుడి నుంచి ఎడమకి. మూడు భాషల్నీ ఒకే గడిలో ఇరికించకుండా ఉర్దూని కుడి అంచున వేరే నిలువు వరుసలో పెడితే తేలికగా కుదురుతుంది.

ఏం అడగాలి, ఎంత చోటివ్వాలి

నెట్‌లో దొరికే టెంప్లేట్లన్నీ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని అడుగుతాయి. మన దగ్గర ఇంటిపేరు ముందొస్తుంది, అది చాలామంది ఒక్క అక్షరంతో సరిపెడతారు, కొందరికి తండ్రి పేరే రెండో పేరు. ఈ గొడవంతా ఎందుకు, "పూర్తి పేరు, ఆధార్‌లో ఉన్నట్టు" అని ఒకే పొడుగాటి గడి ఇవ్వండి. వెంకట సూర్య సత్యనారాయణ మూర్తి లాంటి పేరు పెన్నుతో రాస్తే పట్టాలి, అదే కొలత.

చిరునామాకి మూడు లైన్లు, అంటే 27 మి.మీ. ఎగ్జాక్ట్‌లీ. హైదరాబాద్ ఇంటి నంబర్లు మీకు తెలియనివి కావు, 1-2-345/6/ఏ/78 అంటూ నంబరే సగం లైన్ తినేస్తుంది, తర్వాత ఫ్లాట్, బ్లాక్, కాలనీ, ఆపైన ఫలానా గుడి వెనక, ఫలానా టిఫిన్ సెంటర్ సందు. ల్యాండ్‌మార్క్‌కి వేరే గడి ఇస్తే చిరునామా గడి శుభ్రంగా ఉంటుంది. పిన్‌కోడ్ కూడా వేరుగా అడగండి.

ఒక్కో అంకెకి ఒక్కో చిన్న డబ్బా పెట్టాలని చాలామందికి సరదా. పెన్నుతో నింపే ఫారానికి అది నిజంగానే మంచిది, ఒక్కో డబ్బా 6 మి.మీ. వెడల్పు ఇస్తే పది అంకెల మొబైల్ నంబరుకి 60, ఆరు అంకెల పిన్‌కి 36, పదకొండు అక్షరాల ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌కి 66 మి.మీ. పడుతుంది. కానీ కంప్యూటర్‌లో నింపేవాళ్లకి ఒక్కో అంకెకి ట్యాబ్ నొక్కుతూ పోవడం నరకం. మనలా రెండు రకాలవాళ్లకీ ఒకే ఫారం అయితే డబ్బాల మోజు వదిలేయండి. ఇక ఆధార్ విషయం, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి పన్నెండు అంకెలూ దేనికి? చివరి నాలుగు అడగండి, కాపీ కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ అడగండి. ఈ ఫారాలు చివరికి సెక్యూరిటీ గది సొరుగులో పడి ఉంటాయని అందరికీ తెలుసు.

ఫోటో గడి పై కుడి మూలలో. స్టూడియోల్లో ఇచ్చే పాస్‌పోర్ట్ సైజు 35 × 45 మి.మీ. కాబట్టి డబ్బా 37 × 47 చేయండి, లేకపోతే గీత మీద ఫోటో పడి వంకరగా అంటించినట్టుంటుంది. సంతకానికి కనీసం 20 మి.మీ. ఎత్తు. స్టాంపు వేసే చోటు సంతకం పక్కన ఉండాలి కానీ దాని మీద కాదు.

టైప్ చేసే గడులు

ఇప్పుడు జవాబు గడుల్లో కంట్రోల్స్, అంటే నొక్కి టైప్ చేసే లేదా ఎంచుకునే ఖాళీలు, పెట్టాలి. డెవలపర్ ట్యాబ్ మామూలుగా కనిపించదు, ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌కి వెళ్లి టిక్ పెట్టండి. అందులో ప్లెయిన్ టెక్స్ట్ కంటెంట్ కంట్రోల్ ప్రతి జవాబు గడిలోనూ పెట్టండి. రిచ్ టెక్స్ట్ వద్దు, ఎవరో వాట్సాప్ నుంచి కాపీ చేసి తెచ్చిన రంగులన్నీ అందులో అంటుకుంటాయి. బ్లడ్ గ్రూప్, బ్లాక్ పేరు లాంటివాటికి డ్రాప్‌డౌన్, తేదీకి డేట్ పికర్. డేట్ పికర్ ప్రాపర్టీస్‌లో రోజు, నెల, సంవత్సరం వరుస పెట్టడం మర్చిపోతే 04/07 జూలై నాలుగా, ఏప్రిల్ ఏడా అని తర్వాత వాదించుకోవాల్సి వస్తుంది. చెక్‌బాక్స్ నొక్కితే మామూలుగా లోపల ఇంటూ గుర్తు పడుతుంది, మన దగ్గర ఇంటూ అంటే "కాదు" అనుకునేవాళ్లే ఎక్కువ, అందుకని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి దాన్ని టిక్ గుర్తుగా మార్చండి.

అందరూ చూడకుండా వదిలేసేది ఇక్కడే ఉంది. ఖాళీ కంట్రోల్‌లో "ఇక్కడ నొక్కి టైప్ చేయండి" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం బూడిద రంగులో ఉంటుంది కదా, అది స్క్రీన్‌కే పరిమితం కాదు, ప్రింట్‌లోనూ పడుతుంది. ఖాళీ ఫారం ప్రింట్ తీసుకుని పెన్నుతో నింపేవాడు ఆ వాక్యం మీదే తన పేరు రాసుకోవాలి. డెవలపర్ ట్యాబ్‌లో డిజైన్ మోడ్ ఆన్ చేసి ఆ వాక్యాన్ని చెరిపి, దాని స్థానంలో కంట్రోల్ షిఫ్ట్ స్పేస్ ఓ పదిసార్లు కొట్టండి. స్క్రీన్ మీద నొక్కడానికి చోటుంటుంది, కాగితం మీద ఏమీ పడదు.

ఈ కొత్త కంట్రోల్స్‌కి ఇన్ని అక్షరాలే అని హద్దు పెట్టే సదుపాయం లేదు. అది తప్పనిసరి అనుకుంటే అక్కడే లెగసీ టూల్స్‌లో ఉన్న పాత టెక్స్ట్ ఫీల్డ్ వాడండి, దాని ప్రాపర్టీస్‌లో మ్యాక్సిమమ్ లెంగ్త్ ఉంటుంది. మొబైల్‌కి 10 పెడితే పదకొండో అంకె పడదు.

మన కిరాయిదారు ఫారం అడుగున రసీదు ముక్క కూడా ఉంటే, పేరూ ఫ్లాట్ నంబరూ రెండుసార్లు టైప్ చేయించకండి. ఇన్సర్ట్‌లో క్విక్ పార్ట్స్, డాక్యుమెంట్ ప్రాపర్టీ అని ఉంటుంది, అందులోంచి ఒకదాన్ని, సబ్జెక్ట్ అనుకోండి, పైన పేరు గడిలో పెట్టి, మళ్లీ దాన్నే కింద రసీదులో పెట్టండి. పైన కొట్టింది కింద దానంతట అదే వచ్చేస్తుంది. మ్యాక్రోలు, కోడింగ్ ఏమీ అక్కర్లేదు.

అన్నీ అయ్యాక రివ్యూ ట్యాబ్‌లో రిస్ట్రిక్ట్ ఎడిటింగ్, అందులో ఫిల్లింగ్ ఇన్ ఫార్మ్స్ ఎంచుకుని మొదలుపెట్టండి. ఇక ఎవరూ ప్రశ్నల్ని చెరపలేరు. పాస్‌వర్డ్ పెడితే అది ఫైల్ చేసినవాళ్లతో పాటే ఉద్యోగం మానేసి వెళ్లిపోతుంది, అందుకే ఎక్కడైనా రాసిపెట్టండి లేదా పాస్‌వర్డ్ లేకుండా వదిలేయండి. సేవ్ చేసేటప్పుడు వర్డ్ టెంప్లేట్‌గా చేస్తే డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ కొత్త కాపీ తెరుచుకుంటుంది, అసలుది పాడవదు.

వర్డ్ కాకపోతే

ఎక్సెల్‌లో లెక్కలుంటేనే ఫారం చేయండి, మెయింటెనెన్స్ బిల్లు లాంటివి. లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు. గడుల వెడల్పు అక్షరాల లెక్కలో ఉంటుంది కాబట్టి ఫాంట్ మారినా, ప్రింటర్ మారినా కాస్త అటూ ఇటూ అవుతుంది. తప్పదంటే పేజ్ లేఔట్ వ్యూలో పని చేయండి, అక్కడ వెడల్పు సెంటీమీటర్లలో ఇవ్వొచ్చు. ప్రింట్ ఏరియా సెట్ చేయండి. ఫోన్, ఆధార్, బ్యాంక్ ఖాతా గడుల్ని ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది, పన్నెండు అంకెల నంబర్ మధ్యలో ఇంగ్లిష్ E అక్షరం తగిలించుకుని కుదించుకుపోతుంది, పదిహేను అంకెలు దాటితే ఆ తర్వాతివన్నీ సున్నాలైపోతాయి. ఖాతా నంబర్ చివర సున్నాలైపోతే జీతం ఎక్కడికి పోతుందో ఆలోచించుకోండి.

లిబ్రే ఆఫీస్ రైటర్ ఉచితం, పైగా వర్డ్ చేయలేని ఒక పని చేస్తుంది. వర్డ్‌లో పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే గడులన్నీ చచ్చిపోయి బొమ్మలా మిగులుతుంది. రైటర్‌లో ఫార్మ్ మెనూలోంచి టెక్స్ట్ బాక్సులు పెట్టి, పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్‌లో క్రియేట్ పీడీఎఫ్ ఫార్మ్ టిక్ ఉంచితే నింపుకోగలిగే పీడీఎఫ్ వస్తుంది. ప్రతి కంట్రోల్‌కీ ప్రింటబుల్ అనే ప్రాపర్టీ విడిగా ఉంటుంది, స్క్రీన్‌కి మాత్రమే కావాల్సిన బటన్లకి అది నో చేయొచ్చు. ఒకే పేరు రెండు గడులకి పెట్టి, ఎక్స్‌పోర్ట్‌లో డూప్లికేట్ ఫీల్డ్ నేమ్స్ టిక్ పెడితే ఇందాకటి రసీదు ముక్క పని ఇక్కడా జరుగుతుంది. అయితే పీడీఎఫ్ గడుల్లో తెలుగు టైప్ చేస్తే వత్తులు విడిపోవడం జరుగుతూంటుంది, తెరిచే యాప్‌ని బట్టి మారుతుంది, కాబట్టి తెలుగులో నింపాల్సిన ఫారాలకి వర్డే నయం.

బయటికి పంపే ముందు

ఒక మూలన సరిగ్గా 100 మి.మీ. పొడవున్న సన్నని గీత గీయండి. ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. 97 వచ్చిందంటే ప్రింట్ డబ్బాలో ఫిట్ అని ఉంది, యాక్చువల్ సైజ్ చేయాలి. అంతా కుదిరాక ఆ గీత తీసేయొచ్చు, నేనైతే ఉంచేస్తాను, రేపు ఎవరో "ఫోటో పట్టట్లేదు" అంటే వాళ్లనే కొలవమనొచ్చు.

ప్రశ్న గడులకి బూడిద రంగు వేశారా? 5 లేదా 10 శాతం చాలు. బ్లాక్ అండ్ వైట్ లేజర్ ప్రింటర్ బూడిదని చుక్కలుగా వేస్తుంది, దాన్ని జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌ని ఇంకోసారి జిరాక్స్ తీస్తే అక్షరాలు చుక్కల్లో మునిగిపోతాయి. అందుకే పరీక్ష కూడా అలాగే చేయండి, ప్రింట్‌కి జిరాక్స్, దానికి ఇంకో జిరాక్స్, చివరిది చదవగలిగితే చాలు. గీతలు అర పాయింట్ కన్నా సన్నగా ఉంటే అవీ మాయమవుతాయి. తర్వాత ఆ కాగితం ఫారం గురించి ఏమీ తెలియని మనిషికిచ్చి పెన్నుతో నింపమనండి, పక్కనే ఉండి నోరు మెదపకండి. ఎక్కడ పెన్ను ఆగి మీ వైపు చూశారో ఆ ప్రశ్న తిరగరాయాలి.

వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు ప్రింట్ కోసం పీడీఎఫ్, టైపింగ్ కోసం వర్డ్ టెంప్లేట్, రెండూ డాక్యుమెంట్‌గానే పంపండి, స్క్రీన్‌షాట్ తీసి ఫోటోగా కాదు. అడుగున 7 పాయింట్లలో ఫారం పేరు, మార్చిన నెల, సంవత్సరం వేయండి. పాత ఫారం గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఆరు నెలల తర్వాత ఎవరో దాన్ని నింపుకొని తెస్తే ఆ చిన్న లైన్ చూసి చెప్పేయొచ్చు.